రంది రోగమయ్యే క్రమం: గోదావరిఖని బొగ్గుగని కార్మిక జీవితంలో మానసిక ఒత్తిడి, శారీరక ఆరోగ్యం

పరిశోధన సారాంశం:

మనసుకు కలిగిన కష్టం శరీరంలో వ్యాధిగా పరిణమిస్తుందన్న ఎరుక తెలుగువారి నిత్యవ్యవహారంలో ఎంతో కాలంగా ఉంది. 20వ శతాబ్దపు శరీరశాస్త్రం, మనోవిజ్ఞానశాస్త్రం ఆ ఎరుకకు ఆధారాలను సమకూర్చాయి. మానసిక ఒత్తిడి శరీరంపై ప్రభావం చూపే మార్గాలను వివరించి, వాటిని సింగరేణి బొగ్గుగనుల ప్రాంతమైన రామగుండం, గోదావరిఖని కార్మిక జీవితానికి అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం. షిఫ్టు పని, నిరంతర ప్రమాదభయం, పనిపై అదుపు లేకపోవడం, ఉద్యోగ అభద్రత, ‘మెడికల్ అన్‌ఫిట్’ చుట్టూ అల్లుకున్న కుటుంబ ఆశలు అనే అంశాలను ఇందులో పరిశీలించడం జరిగింది. ఒత్తిడిని వ్యక్తి బలహీనతగా గాక, పని నిర్మాణం నుంచి పుట్టే ఆరోగ్య సమస్యగా గుర్తించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: రంది, బుగులు, మానసిక ఒత్తిడి, కార్టిసాల్, షిఫ్టు పని, సింగరేణి, గోదావరిఖని, మెడికల్ అన్‌ఫిట్.

1. ఉపోద్ఘాతం:

గోదావరిఖనిలో గనికి వెళ్ళడాన్ని ‘బాయికి పోవడం’ అంటారు. ఊరి బావి నుంచి నీళ్ళు పైకి వస్తాయి. బొగ్గుబాయిలోకి మనుషులు దిగుతారు. దిగినవాడు తిరిగి వచ్చేదాకా ఇంట్లో ఒకరి చెవి బయటి అలికిడిపైనే ఉంటుంది. ఈ ప్రాంతంలో ఆరోగ్యాన్ని గురించి మాట్లాడేటప్పుడు బొగ్గుధూళి, ఊపిరితిత్తుల వ్యాధులు, ప్రమాదాలు, నడుమునొప్పి ముందుగా గుర్తుకువస్తాయి. అది సహజమే. కానీ ఆసుపత్రి వరుసల్లో నిలుచున్నవారి రక్తపోటు, మధుమేహం, నిద్రలేమి, కడుపుమంటల వెనుక కంటికి కనిపించని మరొక కారణం కూడా పనిచేస్తుంటుంది. దానికి ధూళిలాగా బరువు లేదు, ఎక్స్‌రేలో నీడ పడదు. దానినే శాస్త్రం మానసిక ఒత్తిడి అంటుంది. ఇక్కడి ప్రజలు ‘రంది’ అంటారు.

1871లో భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. 1889 నుంచి అక్కడ తవ్వకాలు సాగాయి. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. నేడు ఇందులో తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటాలున్నాయి. గోదావరి, ప్రాణహిత లోయ వెంబడి విస్తరించిన ఈ బొగ్గు క్షేత్రంలో రామగుండం ప్రాంతం ప్రధానమైనది. బొగ్గు గనులు, తాప విద్యుత్ కేంద్రం, ఎరువుల కర్మాగారం ఒకే చోట చేరడంవల్ల ఇది పూర్తిగా పారిశ్రామిక ప్రాంతమైంది. పలు జిల్లాల నుంచి వలస వచ్చిన వ్యవసాయ కుటుంబాలు ఒక్క తరంలోనే ఎద్దు, నాగలి వదిలి మస్టరు, షిఫ్టుల జీవితానికి అలవాటుపడవలసి వచ్చింది. ఈ మార్పును ఆర్థిక చరిత్రగా చదవడం జరిగింది. దేహచరిత్రగా చదవడం ఇంకా మిగిలి ఉంది.

2. భాషలో దేహం – రంది, బుగులు:

తెలుగులో మనోవేదనను తెలిపే పలుకుబడులు చాలావరకు శరీరాన్ని ఆశ్రయించుకొని ఉంటాయి. గుండె జారిపోవడం, గుండె చెరువు కావడం, కడుపు తరుక్కుపోవడం, నోరెండిపోవడం, కాళ్ళూ చేతులూ ఆడకపోవడం, ఒళ్ళు చల్లబడడం వంటివి ఇందుకు ఉదాహరణలు. వీటిని కేవలం ఆలంకారిక ప్రయోగాలుగా భావిస్తే పొరపాటే అవుతుంది. భయపడినప్పుడు లాలాజలం తగ్గి నోరు నిజంగానే ఎండుతుంది. చర్మానికి వెళ్ళే రక్తనాళాలు కుంచించుకొని చేతులు నిజంగానే చల్లబడతాయి. గుండె వేగం పెరిగి దడ నిజంగానే తెలుస్తుంది. అంటే మన పలుకుబడులలో అనేకం శరీరధర్మాల ప్రత్యక్ష పరిశీలన నుంచి పుట్టినవే.

తెలంగాణ వ్యవహారంలో ‘రంది’, ‘బుగులు’ అనే పదాలకు మధ్య సున్నితమైన భేదం ఉంది. బుగులు ఎదుట ఉన్న ప్రమాదానికి, లేదా రాబోతున్నదన్న కీడుకు కలిగే భయం. అది ఒక్కసారిగా లేచి తగ్గుతుంది. రంది అలా కాదు. అది లోపల ఉండి రోజూ కొంచెం కొంచెంగా తినే దిగులు. ‘రందితోని సగమైండు’ అన్నప్పుడు మనసులోని బాధ శరీరం బరువును తగ్గించిందన్న నిర్ధారణ అందులో ఉంది. ‘చితికీ చింతకూ సున్న ఒక్కటే తేడా’ అన్న నానుడి కూడా ఇదే చెబుతుంది. చితి చచ్చినవాణ్ణి కాలిస్తే చింత బతికినవాణ్ణి కాలుస్తుంది. ఆధునిక శాస్త్రం ‘తాత్కాలిక ఒత్తిడి’, ‘దీర్ఘకాలిక ఒత్తిడి’ అని చేసిన విభజనకు బుగులు, రంది అనే మాటలు దాదాపుగా సరిపోతాయి. ఈ విభజనే తరువాతి చర్చకు ఆధారం.

3. ఒత్తిడి – శాస్త్రభావన వికాసం:

అమెరికన్ శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 20వ శతాబ్ది ప్రారంభంలో, ప్రమాదం ఎదురైనప్పుడు ప్రాణి ‘పోరాటానికో పలాయనానికో’ సిద్ధపడుతుందని వివరించారు. 1936లో హాన్స్ సెల్యే ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న లేఖ ప్రచురించారు. చలి, గాయం, మితిమీరిన శ్రమ, విషపదార్థం ఇలా ఎలుకలకు కలిగించిన బాధ ఏదైనా, వాటి శరీరాల్లో ఒకే రకమైన మార్పులు ఆయనకు కనిపించాయి. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి. థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది. జీర్ణాశయంలో పుండ్లు ఏర్పడ్డాయి. దీని ఆధారంగా ఆయన జాగరూకత, ప్రతిఘటన, అలసట అనే మూడు దశలను ప్రతిపాదించారు.

సెల్యే ప్రతిపాదనలో ఒక లోపం ఉంది. ఒకే సంఘటన అందరినీ ఒకేలా బాధించదన్న విషయానికి అందులో తగిన చోటు లేదు. రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో వెలువరించిన గ్రంథంలో దీనికి సమాధానమిచ్చారు. ఎదురైన పరిస్థితి తన శక్తికి మించినదని మనిషి అంచనా వేసుకున్నప్పుడే అది ఒత్తిడి అవుతుందని వారు వివరించారు. కాబట్టి పని బరువు ఎంత ముఖ్యమో, ‘దీనిని నేను తట్టుకోగలనా, దీనిపై నా మాట చెల్లుతుందా’ అన్న అంచనా కూడా అంతే ముఖ్యం. గని కార్మికుని విషయంలో ఈ రెండవ అంశమే కీలకమని ముందు చూడవచ్చు.

4. మనసు నుంచి దేహానికి – మార్గాలు:

4.1. రెండు దారులు:

ప్రమాదాన్ని మెదడు గుర్తించగానే రెండు దారుల్లో సందేశం వెళుతుంది. మొదటిది నాడుల దారి. సానుభూతి నాడీవ్యవస్థ ద్వారా క్షణాల్లో అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. కండరాలకు రక్తం మళ్ళుతుంది. జీర్ణక్రియ నెమ్మదిస్తుంది. రెండవది హార్మోన్ల దారి. మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథిని, పీయూష గ్రంథి అడ్రినల్ గ్రంథులను ప్రేరేపిస్తాయి. దాంతో కొన్ని నిమిషాల్లో కార్టిసాల్ పెరుగుతుంది. అది రక్తంలో చక్కెరను పెంచి శరీరానికి ఇంధనం అందిస్తుంది.

ఈ ఏర్పాటు శత్రువు కాదు. పైకప్పు నుంచి పెళ్ళ రాలుతున్నప్పుడు పక్కకు దూకించేది ఇదే. ప్రమాదం తప్పగానే ఇది చల్లారాలి. చల్లారకుండా రోజుల తరబడి, సంవత్సరాల తరబడి కొనసాగినప్పుడే నష్టం మొదలవుతుంది. బ్రూస్ మెక్‌యూవెన్, ఇలియట్ స్టెల్లర్ 1993లో ఈ క్రమంగా పేరుకుపోయే అరుగుదలకు ‘ఎలోస్టాటిక్ లోడ్’ అని పేరు పెట్టారు. దీనిని ‘సర్దుబాటు భారం’ అని మనం అనువదించుకోవచ్చు. ఎప్పుడూ లాగి ఉంచిన హాలర్ తాడు ఒక్క రోజులో తెగదు. ఒక్కొక్క పోగుగా అరిగి తెగుతుంది.

4.2. గుండె, రక్తనాళాలు:

పదేపదే పెరిగే రక్తపోటు రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. దీర్ఘకాలిక ఒత్తిడి శరీరంలో అంతర్గత వాపును పెంచి, నాళాల్లో కొవ్వు పేరుకోవడానికి దోహదం చేస్తుంది. 52 దేశాల్లో జరిగి 2004లో ప్రచురితమైన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనం, తొలిసారి గుండెపోటు వచ్చిన 11 వేలకు పైగా రోగులను, 13 వేలకు పైగా ఇతరులను పోల్చి చూసింది. పనిచోట నిరంతరం ఒత్తిడి ఉన్నదని చెప్పినవారిలో గుండెపోటు అవకాశం సుమారు రెండింతలుగా కనిపించింది. ఇది సంబంధాన్ని చూపుతుందే తప్ప ఒత్తిడి ఒక్కటే కారణమని నిరూపించదు. అయినా పొగాకు, రక్తపోటు, మధుమేహాల వంటి ప్రసిద్ధ కారణాల పక్కన ఒత్తిడికి కూడా చోటివ్వక తప్పదని ఈ అధ్యయనం తెలియజేసింది.

4.3. చక్కెర, బరువు:

కార్టిసాల్ ఎక్కువ కాలం అధికంగా ఉంటే ఇన్సులిన్ పనితనం మందగిస్తుంది. నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది. నిద్ర తగ్గినప్పుడు ఆకలిని పెంచే గ్రెలిన్ పెరిగి, తృప్తిని తెలిపే లెప్టిన్ తగ్గుతుంది. రాత్రి షిఫ్టులో మెలకువ కోసం తాగే చక్కెర చాయ్, తెల్లవారాక వేళకాని వేళ తినే తిండి దీనికి తోడవుతాయి.

4.4. రోగనిరోధక శక్తి:

షెల్డన్ కోహెన్ బృందం 1991లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయంలో ప్రసిద్ధమైనది. 394 మంది ఆరోగ్యవంతుల ఒత్తిడి స్థాయిని ముందుగా కొలిచి, వారి ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి పరిశీలించారు. ఒత్తిడి అతి తక్కువగా ఉన్నవారిలో సుమారు 27 శాతం మందికి జలుబు రాగా, అతి ఎక్కువగా ఉన్నవారిలో సుమారు 47 శాతం మందికి వచ్చింది. అందరికీ వైరస్ వేసినా ఫలితం మారింది. జానిస్ కీకోల్ట్ గ్లేసర్ బృందం 1995లో, మతిమరుపు వ్యాధిగ్రస్తులైన బంధువులకు సేవచేస్తున్న 13 మంది స్త్రీలను పరిశీలించింది. వారికి చేసిన చిన్న గాయం మానడానికి ఇతరులకంటే సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. రోగికి సేవచేసే స్త్రీ శరీరం కూడా ఆ రోగం మూల్యాన్ని చెల్లిస్తుందని దీని అర్థం.

4.5. జీర్ణవ్యవస్థ:

ఈ అంశంలో జాగ్రత్త అవసరం. జీర్ణాశయపు పుండుకు ఆందోళనే కారణమని చాలాకాలం నమ్మారు. బారీ మార్షల్, రాబిన్ వారెన్ పరిశోధనల తరువాత హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి, కొన్ని నొప్పి మాత్రలు ప్రధాన కారణాలని తేలింది. ఇందుకు వారికి 2005లో నోబెల్ బహుమతి లభించింది. అయితే మెదడుకూ పేగులకూ నడుమ నాడుల సంబంధం ఉందన్నది వాస్తవం. నొప్పి తీవ్రతను, పేగుల కదలికను ఒత్తిడి మార్చగలదు. ఒళ్ళునొప్పులకు వేసుకునే మాత్రలు కార్మికుని కడుపును స్వతంత్రంగా దెబ్బతీయగలవు. కనుక కడుపుమంటతో వచ్చినవానికి ‘టెన్షన్ తగ్గించుకో’ అని చెప్పి పరీక్ష చేయకుండా పంపడం శాస్త్రసమ్మతం కాదు.

5. గని పనిలో ఒత్తిడి మూలాలు:

5.1. షిఫ్టు:

గని పని ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. మనిషి శరీరంలో వెలుతురును బట్టి నడిచే గడియారం ఉంది. కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి, రాత్రికి తగ్గుతుంది. ఆరోగ్యవంతునిలో రక్తపోటు నిద్రలో 10 నుంచి 20 శాతం వరకు తగ్గుతుంది. ఈ తగ్గుదలే గుండెకు దొరికే విరామం. షిఫ్టు మారినప్పుడల్లా ఈ గడియారం కొత్తగా సర్దుకోవాలి. సర్దుకునేలోపే మళ్ళీ షిఫ్టు మారుతుంది. పైగా ఈ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. రాత్రి పని చేసి వచ్చినవాడు మండుటెండలో, పిల్లలు తిరిగే ఇరుకు క్వార్టరులో పగటి నిద్ర పోవాలి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో, శరీర గడియారాన్ని భంగపరిచే షిఫ్టు పనిని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చడం ఈ సమస్య తీవ్రతకు సూచన.

5.2. ప్రమాదభయం:

2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు మరణించారు. 2022 మార్చిలో అడ్రియాల గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. వారిలో అధికారులు కూడా ఉన్నారు. ప్రమాదం మృతులతో, క్షతగాత్రులతో ముగిసిపోదు. మరునాడు అదే దారిన దిగవలసిన వందలాది మంది శరీరాల్లో అది కొనసాగుతుంది. పైకప్పును కర్రతో తట్టి, బోలు శబ్దం వస్తుందేమోనని చెవియొగ్గి వినడం గనిలో బతకడానికి నేర్చుకున్న విద్య. ఎనిమిది గంటలు చెవిని అలా నిలిపి ఉంచినవాడు ఇంటికి రాగానే దానిని విప్పి పక్కన పెట్టలేడు. తలుపు గట్టిగా పడ్డా ఉలిక్కిపడడం, చిన్న మాటకు కోపం రావడం, నిద్రలో కలవరించడం ఈ అతిజాగరూకతకు కొనసాగింపులు కావచ్చు.

5.3. యంత్రం, ముఠా, అదుపు:

బొగ్గుగనిలో పని విధానం మారినప్పుడు మనసుకూ శరీరానికీ ఏమవుతుందన్న ప్రశ్నపై ఒక ప్రామాణిక అధ్యయనం ఉంది. లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎరిక్ ట్రిస్ట్, స్వయంగా గనిలో పనిచేసిన కెన్ బామ్‌ఫోర్త్ కలిసి 1951లో బ్రిటిష్ గనుల గురించి వ్యాసం ప్రచురించారు. పూర్వం ఇద్దరు ముగ్గురు తమకు నచ్చినవారితో జట్టుకట్టి, కోత నుంచి ఎత్తిపోత వరకు మొత్తం పని తామే చూసుకునేవారు. లాంగ్‌వాల్ పద్ధతి వచ్చాక 40, 50 మంది మూడు షిఫ్టుల్లో విడిపోయి, ఒక్కొక్కరు ఒక్కొక్క తునక పనికి పరిమితమయ్యారు. ఒక షిఫ్టు పొరపాటు మరొక షిఫ్టు నెత్తిన పడేది. పరస్పర నమ్మకం తగ్గింది, గైర్హాజరు, ఆందోళన పెరిగాయి. ఆ నాటి బ్రిటిష్ పద్ధతికీ నేటి అడ్రియాల లాంగ్‌వాల్ యంత్రాలకూ సాంకేతికంగా చాలా తేడా ఉంది. అయినా సాంకేతికత మారినప్పుడు మనుషుల జట్టు కూడా మారుతుందన్న సూత్రం ఇక్కడికీ వర్తిస్తుంది. తట్టా, చెమ్మస్ పట్టిన కోల్ ఫిల్లర్ల ముఠాలో శ్రమ చాలా ఎక్కువ. కానీ పక్కవాడు తెలిసినవాడు. ‘ఇయ్యాల నాకు పానం బాగలేదు’ అంటే అతని వంతు మరొకరు ఎత్తేవారు. యంత్రం ముందు ఒంటరిగా నిలిచిన ఆపరేటరుకు శ్రమ తగ్గింది, ఆ ఆసరా కూడా తగ్గింది.

రాబర్ట్ కారసెక్ 1979లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం పని బరువు ఎక్కువై, దానిపై అదుపు తక్కువైనచోట ఒత్తిడి అత్యధికం. జోహనెస్ సీగ్రిస్ట్ 1996లో దీనికి మరొక కోణాన్ని చేర్చారు. పడిన శ్రమకు తగిన ప్రతిఫలం, గౌరవం, భద్రత లభించనప్పుడు గుండెజబ్బుల ప్రమాదం పెరుగుతుందని ఆయన వాదన. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య నేడు సుమారు 40 వేలకు చేరింది. అదే కాలంలో కాంట్రాక్టు కార్మికుల సంఖ్య పెరిగింది. ఒకే గనిలో, పక్కపక్కన పనిచేసే ఇద్దరి జీతం, వైద్యసౌకర్యం, రేపటి భరోసా వేర్వేరుగా ఉన్నప్పుడు సీగ్రిస్ట్ చెప్పిన అసమతుల్యతకు అంతకు మించిన ఉదాహరణ అవసరం లేదు.

6. ‘అన్‌ఫిట్’ – రోగం ఆశగా మారినప్పుడు:

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక ఒత్తిడి ఉంది. వృత్తిలో కొనసాగలేనంత అనారోగ్యానికి గురైన కార్మికుణ్ణి మెడికల్ బోర్డు పరీక్షించి ‘అన్‌ఫిట్’గా ప్రకటిస్తే, నిబంధనలకు లోబడి అతని వారసునికి ఉద్యోగం లభించే అవకాశం ఉంది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో ఉన్నత న్యాయస్థానం కొట్టివేసిన తరువాత, వైద్యకారణాలపై ఆధారపడిన కారుణ్య నియామకాలే కుటుంబాలకు మిగిలిన దారి అయ్యాయి.

దీని ఆర్థిక, న్యాయ కోణాలను ఇక్కడ చర్చించడం లేదు. మనోదైహిక కోణం మాత్రమే పరిశీలన. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కొడుకు ఇంట్లో ఉన్నాడు. తండ్రికి రక్తపోటు ఉంది, మోకాళ్ళ నొప్పి ఉంది. అతడు కోలుకుంటే పనిలో కొనసాగుతాడు. కోలుకోకపోతే కొడుకు స్థిరపడతాడు. అంటే ఆ ఇంట్లో తండ్రి ఆరోగ్యానికీ కొడుకు భవిష్యత్తుకూ వైరుధ్యం ఏర్పడింది. దీనిని ఎవరూ బయటికి అనరు. కానీ మందు వేసుకునే ప్రతిసారీ ఆ తండ్రి మనసులో ఈ లెక్క కదలకుండా ఉండదు. బోర్డు పిలుపు కోసం ఎదురుచూడడం ఒక ఒత్తిడి. ‘ఫిట్’ అని తిరిగి వస్తే, మంచి ఆరోగ్యం ఉందన్న వార్త ఇంటికి దుర్వార్తగా చేరడం మరొక ఒత్తిడి. లోకం దీనిని తేలికగా ‘నాటకం’ అంటుంది. నటన ఉన్న సందర్భాలు ఉండవచ్చు. అయితే సంవత్సరాల తరబడి రోగాన్ని ఆశగా మోసిన మనిషిలో రక్తపోటు నిజంగానే పెరుగుతుందన్నది పై శరీరశాస్త్ర వివరణను బట్టి అర్థమవుతుంది. ఇక్కడ తప్పు తండ్రిదీ కాదు, కొడుకుదీ కాదు. చదువుకున్న యువతకు ఉపాధి కరువైన సమాజం తండ్రి జబ్బును ఆస్తిగా మార్చింది.

మరొక వైపు, ఏడాదికి నిర్ణీత మస్టర్లు నిండకపోతే గైర్హాజరు కింద క్రమశిక్షణ చర్య ఉంటుంది. నిద్రలేమి, కుంగుబాటు, మద్యపానం గైర్హాజరుకు దారితీస్తాయి. గైర్హాజరు ఉద్యోగ భయాన్ని పెంచుతుంది. ఆ భయం మళ్ళీ నిద్రను తీసేస్తుంది. ఈ వలయంలో చిక్కినవాడు రికార్డులో ‘నాగాలు పెట్టేవాడు’గా మాత్రమే కనిపిస్తాడు.

7. రికార్డులకెక్కని ఒత్తిడి – ఇల్లాలు:

గని గురించిన గణాంకాలన్నీ మస్టరు పడినవారివే. కానీ మూడు షిఫ్టుల జీవితం భార్య శరీరంపై కూడా నడుస్తుంది. ఉదయం షిఫ్టుకు టిఫిన్ కట్టడానికి చీకటితోనే లేవాలి. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు పడుకుంటే పిల్లల గొంతు పెగలకుండా చూడాలి. షిఫ్టు దాటి గంట గడిచినా మనిషి రాకపోతే ఎవరిని అడగాలో తెలియక వాకిట్లో నిలబడాలి. మద్యం ఇంట్లోకి వచ్చినచోట ఈ భారం రెట్టింపవుతుంది. గాయం ఆలస్యంగా మానిన ఆ 13 మంది స్త్రీల ఉదాహరణను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. పక్షవాతం వచ్చిన భర్తకు, ఊపిరాడని మామకు ఏళ్ళ తరబడి సేవచేసే కార్మిక స్త్రీ తలనొప్పి, ఒళ్ళునొప్పులు, నీరసం అంటూ ఆసుపత్రికి వస్తే ‘బలానికి సూది’తో సరిపెట్టడం సాధారణం. ఆమె చెప్పేది శరీర భాషలో ఉన్న రంది అని గుర్తించగల వైద్యులు, ఆరోగ్య కార్యకర్తలు అవసరం.

8. రెండు పొరపాట్లు:

ఒత్తిడిని గురించి మన సమాజంలో పరస్పర విరుద్ధమైన రెండు పొరపాట్లు కనిపిస్తాయి. మొదటిది, ఒత్తిడి వల్ల వచ్చే బాధను అసలు బాధగానే ఒప్పుకోకపోవడం. ‘రిపోర్టులన్నీ నార్మల్, నీకేమీ లేదు’ అన్న మాటతో రోగి అబద్ధికుడవుతాడు. రెండవది, ప్రతి రోగాన్నీ ఒత్తిడి ఖాతాలో వేయడం. ధూళివల్ల వచ్చే న్యుమోకోనియోసిస్‌ను, శబ్దంవల్ల వచ్చే చెవుడును, ప్రకంపనలవల్ల అరిగే వెన్నెముకను ‘టెన్షన్’ అని కొట్టిపారేస్తే యాజమాన్యపు బాధ్యత మాయమవుతుంది. గనుల చట్టం కింద ప్రకటించిన వృత్తివ్యాధుల్లో న్యుమోకోనియోసిస్, శబ్దజనిత వినికిడి లోపం వంటివి చోటుచేసుకున్నాయి. ఒత్తిడి వల్ల తలెత్తే అనారోగ్యానికి అటువంటి గుర్తింపు రాలేదు. ధూళి, ఒత్తిడి ఒకదానికొకటి ప్రత్యామ్నాయ కారణాలు కావు. రెండూ ఒకే దేహంలో కలిసి పనిచేస్తాయి. ఊపిరాడనివానికి ఆందోళన పెరుగుతుంది, ఆందోళన పెరిగినవానికి ఊపిరి మరింత బరువవుతుంది.

9. చేయదగినవి:

ధ్యానం, నడక, లోతైన శ్వాస, మితాహారం మేలు చేసేవే. కానీ షిఫ్టు మారకుండా, భయం తగ్గకుండా, ‘నీవే ప్రశాంతంగా ఉండు’ అని చెప్పడం సమస్యను కార్మికుని తలపైకి నెట్టడమే. కాబట్టి నివారణ మూడు స్థాయిల్లో జరగాలి.

మొదటిది పని స్థాయి. షిఫ్టులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే ముందుకు సాగే క్రమంలో మారితే శరీర గడియారానికి సర్దుబాటు సులభమవుతుంది. రాత్రి షిఫ్టుల తరువాత తగిన విరామం ఉండాలి. ప్రమాదకరమని తోచినచోట పని ఆపమని చెప్పగల ధైర్యాన్ని కార్మికునికి నిబంధనలతోపాటు వాస్తవంగా కూడా కల్పించాలి. అదుపు ఉన్నదన్న భావనే ఒత్తిడికి పెద్ద మందు.

రెండవది వైద్య స్థాయి. గని కార్మికులకు జరిగే నియమిత వైద్యపరీక్షల్లో నిద్ర, ఆందోళన, కుంగుబాటు, మద్యపానం గురించిన ప్రశ్నలు కూడా చేర్చవచ్చు. ఆ సమాధానాలు ఉద్యోగానికి ముప్పు తేవన్న హామీ ఉండాలి. లేకపోతే ఎవరూ నిజం చెప్పరు. ప్రమాదం జరిగిన గనిలో ప్రాణాలతో బయటపడినవారికి, తోటివారికి మానసిక వైద్యసహాయం అందాలి. ఉచిత టెలిఫోన్ సహాయానికి 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416 అందుబాటులో ఉంది. అది గని గేటు వద్ద, ఆసుపత్రి గోడపై కనిపించాలి.

మూడవది భాషా స్థాయి. ఇక్కడ తెలుగు అధ్యాపకుల, పరిశోధకుల పాత్ర ఉంది. ఆంగ్లం నుంచి యథాతథంగా అనువదించిన ప్రశ్నావళిలో ‘మీరు నిస్పృహకు లోనవుతున్నారా?’ అని అడిగితే కోల్ కట్టర్ ‘లేదు’ అంటాడు. ‘మనసుల ఏమన్న రంది ఉన్నదా? రాత్రి నిద్ర పడుతున్నదా? బాయిల దిగేటప్పుడు బుగులైతున్నదా?’ అని అడిగితే మాట కదులుతుంది. మాండలిక పదకోశాల్లో దేహబాధలకు, మనోబాధలకు సంబంధించిన పదాలను ప్రత్యేకంగా సేకరించడం, బొగ్గుగని కథలను, పాటలను ఆరోగ్యచరిత్రకు ఆకరాలుగా చదవడం మన శాఖల్లో చేపట్టదగిన పరిశోధనలు.

10. ముగింపు:

పై చర్చ ద్వారా ఈ కింది విషయాలను గుర్తించవచ్చు.

• మానసిక ఒత్తిడి నాడుల ద్వారా, హార్మోన్ల ద్వారా శరీరంపై పనిచేస్తుంది. తాత్కాలికమైనప్పుడు అది రక్షణ. దీర్ఘకాలికమైనప్పుడు రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు, రోగనిరోధక లోపాలకు దోహదం చేస్తుంది.
• బుగులు, రంది అనే తెలంగాణ పదాలు ఈ భేదాన్ని స్పష్టంగా తెలుపుతాయి. వైద్యసంభాషణలో ఇవి ఉపయోగపడతాయి.
• గోదావరిఖని ప్రాంతంలో షిఫ్టులు, ప్రమాదభయం, ఒంటరి పని, ఉద్యోగ అభద్రత, అన్‌ఫిట్ చుట్టూ ఉన్న ఆశలు ఒత్తిడికి ప్రధాన మూలాలు.
• కార్మిక స్త్రీల ఒత్తిడి రికార్డులకు బయట ఉండిపోతున్నది.
• ఒత్తిడిని నిరాకరించడం, అన్నిటికీ ఒత్తిడినే కారణంగా చూపడం రెండూ కార్మికునికి అన్యాయమే చేస్తాయి.

గనిలో విషవాయువును, పైకప్పు కదలికను కనిపెట్టడానికి పరికరాలున్నాయి. మనిషి లోపల పేరుకుంటున్న రందిని కనిపెట్టడానికి ఇప్పటికీ ఉన్న మొదటి పరికరం ఎదుటివాడు అడిగే ఒక ప్రశ్న, దానికి ఓపికగా వినే చెవి. ఆ ప్రశ్నను కార్మికుని భాషలో అడగడం నేర్చుకుంటే, అతని శరీరం చాలాకాలంగా చెబుతున్న సమాధానం మనకు వినిపిస్తుంది.